రిచ్‌మండ్‌లో కింగ్ ఆలివర్ జాడలు

అమెరికాలో ఇండియానాపొలిస్ నుంచి ఐ-70 హైవే మీద తూర్పుకి గంటకు పైగా వెళ్తే రిచ్‌మండ్ వస్తుంది. అక్కడ చూడ్డానికేముందని మా ఆవిడ దారంతా అడుగుతూనే ఉంది. నిజానికి పెద్దగా ఏమీ లేదు. వైట్‌వాటర్ నది లోయలో ఒకప్పుడు స్టార్ పియానో ఫ్యాక్టరీ ఉండేది. ఇప్పుడు మిగిలింది కాస్త ఇటుక కట్టడం, దాని మీద ఆ కంపెనీ రికార్డుల పేరు: జెనెట్. పక్కనే నడక దారిలో గ్రామఫోన్ ప్లేట్లలా గుండ్రటి ఫలకాలు పొదిగారు. కార్నెట్ (ట్రంపెట్ లాంటి ఊదే వాద్యం) వాయించిన జాజ్ బ్యాండ్ నాయకుడు కింగ్ ఆలివర్ ఫలకం దగ్గర ఆగాను.

1923 ఏప్రిల్ 5, 6 తేదీల్లో ఆలివర్ తన క్రియోల్ జాజ్ బ్యాండ్‌ని షికాగో నుంచి తీసుకొచ్చి ఇక్కడే రికార్డు చేశాడు. మైకులు లేని రోజులు. అందరూ ఒక పెద్ద బూర ముందు నిలబడి వాయిస్తే, ఆ అదురుకి మైనం మీద గీత పడేది. స్టూడియో పక్కనే రైలు పట్టాలు. బండి వస్తే పని ఆగిపోయేది. రెండో కార్నెట్ వాయించే కుర్రాడి ఊపు మరీ ఎక్కువని అతన్ని దూరంగా నిలబెట్టారట. ఆ కుర్రాడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్. 1922లో న్యూ ఆర్లీన్స్ నుంచి పిలిపించుకున్నది ఆలివరే. తనని మించిపోయేవాణ్ణి తెచ్చి పక్కన పెట్టుకోవడానికి ఎంత ధీమా కావాలి!

అక్కడే ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని 'డిప్పర్‌మౌత్ బ్లూస్' విన్నాను. మధ్యలో ఆలివర్ సోలో వస్తుంది. కార్నెట్ నోటికి అడ్డుపెట్టే మ్యూట్ అనే మూతని మూస్తూ తెరుస్తూ కార్నెట్ చేత మాట్లాడిస్తాడు. మిగతా పాటల్లో కార్నెట్లు రెండూ కలిసి పలికే చోట్ల నాకు గుడి ఉత్సవంలో జంట నాదస్వరమే గుర్తొచ్చింది.

తిరుగు ప్రయాణంలో మిగతా కథ చెప్పాను. 1924లో ఆర్మ్‌స్ట్రాంగ్ న్యూయార్క్ వెళ్లిపోయాడు. చిగుళ్ల జబ్బుతో ఆలివర్ ఊదడం కష్టమైంది. చివరికి జార్జియాలోని సవానాలో ఒక పూల్ హాల్లో ఊడ్చే పనికి కుదిరి, 1938లో పోయాడు. అంతకు ముందు, 1927లో, న్యూయార్క్‌లోని కాటన్ క్లబ్ అనే నైట్‌క్లబ్ వాళ్లు పిలిస్తే డబ్బు చాలదని కాదన్నాడు. ఆ చోటు మరో జాజ్ బ్యాండ్ నాయకుడు డ్యూక్ ఎలింగ్టన్‌కి దక్కింది.

"ఒప్పుకోవాల్సింది" అంది మా ఆవిడ.

"తన రేటు తనకి తెలుసు, ఎందుకు తగ్గుతాడు?" అన్నాను.

ఇల్లు చేరేదాకా ఇద్దరం తగ్గలేదు.