ఏడో నెల: సైడ్ కంట్రోల్ కింద నుంచి

జియు జిట్సు (నేలమీద పట్లు పట్టి ఎదుటివాణ్ణి లొంగదీసే కుస్తీలాంటి ఆట) మొదలుపెట్టి ఏడు నెలలు. ఇంకా తెల్ల బెల్టే, అంటే మొదటి మెట్టే. బరువు 63 కిలోలు. వారానికి మూడు క్లాసులు అనుకున్నాను గానీ బెళ్లందూరు ట్రాఫిక్ పుణ్యమా అని రెండుకు మించడం లేదు. ఆ లోటు ఇంట్లో వీడియోలతో పూడ్చుకుందామనే ఇదంతా మొదలైంది.

రెండో నెలలోనే కాళ్ల లాకుల వీడియో సెట్ ఒకటి కొన్నాను, సగం ధరకు వస్తోందని. (ఈ వీడియోలకు డిస్కౌంట్ లేని రోజు దాదాపు ఉండదని తర్వాత అర్థమైంది.) చూసినదాన్ని క్లాసులో ప్రయత్నించబోతే కోచ్ అక్కడికక్కడే ఆపేశాడు. ఐబీజేజేఎఫ్ (ఈ ఆట అంతర్జాతీయ సమాఖ్య) పోటీల్లో తెల్ల బెల్టుకు కాళ్ల మీద ఒప్పుకునేది స్ట్రెయిట్ యాంకిల్ లాక్ (మెలి తిప్పకుండా చీలమండను బిగించే పట్టు) ఒక్కటే. హీల్ హుక్ అయితే 2021 నుంచి, అదీ గీ (ఈ ఆటకు వేసుకునే మందపాటి కోటు, ప్యాంటు) వేసుకోని విభాగంలో, బ్రౌన్, బ్లాక్ బెల్టు పెద్దలకు మాత్రమే. పట్టుకునేది మడమే అయినా మెలి పడేది మోకాలికి. నొప్పి తెలిసి ట్యాప్ చేసేలోపే (చేత్తో తట్టి ఓటమి ఒప్పుకునేలోపే) లిగమెంట్ పోవచ్చు. ఆ సెట్ అలాగే పడి ఉంది.

తర్వాతి రెండు నెలలూ యూట్యూబ్. చెప్పుకోవడానికేం లేదు, రోజుకో కొత్త టెక్నిక్, ఏదీ ఒంటికి పట్టలేదు.

ఐదో నెలలో ఒక నోట్‌బుక్ పెట్టాను. పది క్లాసుల్లో ఎక్కడ ట్యాప్ అయ్యానో గీతలు గీసుకుంటూ పోయాను. మొత్తం 41: సైడ్ కంట్రోల్ (పక్క నుంచి ఛాతీ మీద బరువేసి అదిమిపెట్టడం) కింద 19, మౌంట్ (మీదెక్కి కూర్చోవడం) కింద 11, వెనక నుంచి 7, గార్డ్‌లో (కింద ఉండి కాళ్లతో ఎదుటివాణ్ణి అడ్డుకోవడం) 4. అది చూసి మా అనంతపురం తమ్ముడు (బ్లూ బెల్టు) నవ్వాడు. "అన్నా, నువ్వు ఉండేదేమో కింద, కొనేదేమో కాళ్ల లాకులు."

వాడు ఇచ్చిందే బ్రెజిల్ ఛాంపియన్ సావులో రిబేరో పుస్తకం, 'జియు జిట్సు యూనివర్సిటీ'. 2008లో వచ్చింది. పాఠాలు బెల్టుల వరసలో ఉంటాయి: తెల్ల బెల్టుకు బతికి బట్టకట్టడం, బ్లూకు తప్పించుకోవడం, పర్పుల్‌కు గార్డ్, బ్రౌన్‌కు గార్డ్ దాటడం, చివర బ్లాక్‌కు సబ్మిషన్లు (ట్యాప్ చేయించే పట్లు). మొదటి భాగం నిండా మోచేతులు ఎక్కడ పెట్టాలి, మెడ ఎలా కాపాడుకోవాలి అన్న గొడవే. నా తప్పు అక్కడ దొరికింది. పైవాణ్ణి రెండు చేతులూ చాచి నెట్టేవాణ్ణి, అంటే ఆర్మ్‌బార్‌కు (మోచేతిని వెనక్కి విరిచే పట్టుకు) చెయ్యి నేనే అందించేవాణ్ణి. ఒక ముంజేయి వాడి మెడకు, ఇంకోటి తుంటికి అడ్డం పెట్టి, ష్రింప్ చేసి నడుము పక్కకు జరిపి, ఆ సందులో మోకాలు దూర్చాలి.

అయితే ఎప్పుడు జరగాలో ఫొటో చెప్పదు. దానికి వీడియోనే కావాలి. కొనేముందు ఇప్పుడు ఉచిత క్లిప్ చూసి రెండు సంగతులు గమనిస్తున్నాను. ఒకటి, ఎదుటివాడు బిగదీస్తే ఏం చేయాలో చూపిస్తున్నాడా? బొమ్మలా పడుకున్న పార్ట్‌నర్ మీద ఏ టెక్నిక్ అయినా పనిచేస్తుంది. రెండు, అది గీతోనా, గీ లేకుండానా? కాలర్ పట్టు మీద నడిచే పాఠం టీషర్ట్ మీద పనికిరాదు. పేరున్న కోచ్ జాన్ డానహర్ సిరీస్‌లు నాకు నచ్చాయి, కారణాలన్నీ విప్పి చెబుతాడు, కొలంబియా యూనివర్సిటీలో ఫిలాసఫీ చదివిన మనిషి మరి. కానీ గంటలకు గంటలు సాగుతాయి, ఆఫీసు నుంచి అలిసి వచ్చి చూస్తే నిద్రే. ఆదివారం రాత్రి పది నిమిషాల ముక్క ఒకటి చూసి, నోట్‌బుక్‌లో మూడు లైన్లు రాసుకుంటాను. క్లాసుకు పావుగంట ముందెళ్లి తమ్ముడితో పదేసిసార్లు చేసి, ఆ తర్వాత సైడ్ కంట్రోల్ నుంచే మొదలుపెట్టి మూడు నిమిషాల స్పారింగ్. వాడు 78 కిలోలు, జాలి చూపించడు.

ఈమధ్య పది క్లాసుల లెక్క: మొత్తం 33. సైడ్ కంట్రోల్ 8, మౌంట్ 9, వెనక నుంచి 5, గార్డ్ 11. గార్డ్‌లో ఓడిపోవడం పెరిగింది, ఎందుకంటే ఇప్పుడు తప్పించుకుని గార్డ్ దాకా రాగలుగుతున్నాను. పుస్తకం లెక్కన గార్డ్ పర్పుల్ బెల్టు వ్యవహారం, అంతదాకా ఆగితే నేను రిటైరవుతాను. గార్డ్ మీద రెండు సిరీస్‌లు కార్ట్‌లో పెట్టాను. ఆ పదకొండులో ఎన్ని చోక్‌లో (మెడ బిగించే పట్లు), ఎన్ని ఆర్మ్‌బార్‌లో రాసుకోలేదు కాబట్టి ఏదీ కొనలేదు.