మెట్ల లైటు వేస్తే ఇల్లంతా చీకటి

నిన్న సాయంత్రం మెట్ల లైటు స్విచ్ వేశాను. లైటు వెలిగింది, ఇంట్లో ఇంకేదీ ఆరిపోలేదు. 11 రోజులుగా దీనికోసమే ఎదురుచూశాను. కోపం, ఊరట రెండూ చల్లారకముందే రాసేస్తున్నాను.

మాది పాత వైరింగ్ ఉన్న రెండంతస్తుల ఇల్లు. చిన్నపిల్లలు తిరుగుతుంటారని అంతస్తుకొకటి చొప్పున 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీలు (కరెంటు బయటికి లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చులు) పెట్టించాం. బిగింపు ఒక్క పూటలో అయిపోయింది. టెస్ట్ బటన్ నొక్కితే రెండూ టక్కున పడ్డాయి, అంటే కరెంటు ఆపేశాయి. ఆ సాయంత్రమే తంటా మొదలైంది. మెట్ల లైటు వేయగానే ఒకసారి కింది అంతస్తు, ఇంకోసారి పై అంతస్తు, అప్పుడప్పుడు రెండూ ఆరిపోయేవి.

బిగించిన ఎలక్ట్రీషియన్‌నే పిలిచాం. ఏ స్విచ్ వేస్తే ఏది పడింది, ఎన్ని గంటలకు, అప్పుడు ఇంకా ఏమేమి నడుస్తున్నాయి అన్నీ అప్పటికే ఒక నోటుపుస్తకంలో రాసి పెట్టాను. అది అందిస్తే ఆయన తెరిచి కూడా చూడలేదు. “ఇంట్లో మగవాళ్లెవరైనా ఉంటే పిలవండమ్మా, వాళ్లకు చెబుతాను” అన్నారు. మావారు వచ్చాక, నా ఎదుటే, “ఆడవాళ్లు తడి చేతులతో స్విచ్చులు వేస్తుంటారు సార్, అందుకే పడుతోంది” అని తేల్చేశారు. నేను పుస్తకం పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాను. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటోంది. తడి చేతుల వల్లే అయితే ఎప్పుడూ మెట్ల స్విచ్ దగ్గరే ఎందుకు పడుతుంది? అడిగాను. జవాబు రాలేదు.

తర్వాత నెపం బల్బు మీదికి పోయింది. మూడు 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు మార్చాం, మూడింటికీ పడింది. అర వాటు నైట్ బల్బు పెడితే మాత్రం పడలేదు. “చూశారా, బల్బులదే దోషం” అన్నారు. చివరికి, “ఈ ఆర్‌సీసీబీ మరీ సున్నితం, తీసేసి నేరుగా కలిపేద్దాం” అన్నారు. మావారు తల ఊపబోతుంటే నేనే అడ్డుపడ్డాను. ఆ పని చేసినందుకు నాకు గర్వంగా ఉంది. మీ ఇంట్లో ఎవరైనా ఈ సలహా ఇస్తే ఆ క్షణమే పంపించేయండి. మనిషి ఒంట్లోంచి భూమిలోకి పోయే కరెంటు ప్రాణం తీయడానికి చాలు గానీ, ఎంసీబీని (లోడు మరీ ఎక్కువైతేనో షార్ట్ అయితేనో పడే మామూలు స్విచ్) పడగొట్టడానికి చాలదు. దాన్ని పట్టుకునేది ఆర్‌సీసీబీ ఒక్కటే.

రెండో ఎలక్ట్రీషియన్ పెద్దాయన. వస్తూనే “ఎప్పుడెప్పుడు పడుతోందమ్మా?” అని అడిగారు. పుస్తకం ఇచ్చాను. కళ్లజోడు సవరించుకుని రెండు పేజీలూ చదివి, నైట్ బల్బు దగ్గర వేలు ఆపారు. “ఇది లీకేజీలా లేదు. న్యూట్రల్ పక్క అంతస్తుది వాడినట్టున్నారు” అన్నారు. న్యూట్రల్ అంటే కరెంటు తిరిగి వెళ్లే తీగ.

రెండు ఆర్‌సీసీబీలూ ఆపి, కరెంటు లేదని చూసుకుని, మల్టీమీటర్ ఒక కొనను హోల్డర్ న్యూట్రల్ తీగకు, రెండోదాన్ని కింది న్యూట్రల్ బార్‌కు (ఆ అంతస్తు న్యూట్రల్ తీగలన్నీ కలిసే పట్టీ) ఆనించారు. రెండూ కలిసి ఉంటే మీటర్ మోగుతుంది. చప్పుడు లేదు. పై బార్‌కు ఆనించగానే కీమని మోగింది. పాతకాలంలో ఎవరో తీగ ఆదా చేయడానికి ఫేజ్ (కరెంటు వచ్చే తీగ) కింది నుంచి, న్యూట్రల్ పైనుంచి తీసుకున్నారు. వెళ్లిన కరెంటు అదే దారిన తిరిగి రాకపోతే ఆర్‌సీసీబీకి తేడా కనిపిస్తుంది. 30 మిల్లీ ఆంపియర్ల తేడా వస్తే అది పడి తీరాలి. 230 వోల్టుల దగ్గర 9 వాట్ల బల్బు 39 మిల్లీ ఆంపియర్లకు తక్కువ తీసుకోదు. నైట్ బల్బు తీసుకునేది అంతకన్నా చాలా తక్కువ. ఇన్నేళ్లూ ఎంసీబీలు మాత్రమే ఉండటంతో తప్పు బయటపడలేదు.

ఇందులో ఇంకో ప్రమాదం కూడా ఉందని ఆయన చెప్పారు. పై అంతస్తు ఎంసీబీ ఆపి, కరెంటు లేదనుకుని ఎవరైనా ఆ న్యూట్రల్ విప్పితే, మెట్ల లైటు వేసి ఉన్నప్పుడు ఆ తీగే షాక్ కొడుతుంది. పాత ఇంట్లో ఆర్‌సీసీబీ పెట్టించేవాళ్లు ముందు మెట్ల లైటు న్యూట్రల్ ఎక్కడిదో చూడమని అడగండి. రెండువైపులా స్విచ్చులుండే చోట ఈ పొరపాటు ఎక్కువట.

ఫేజ్ వచ్చే పైపులోంచే కింది బార్ నుంచి కొత్త న్యూట్రల్ లాగడానికి అరగంట పట్టింది. పాడైనవని పక్కన పెట్టించిన మూడు బల్బుల్లో ఒకటి ఇప్పుడు మెట్ల మీదే వెలుగుతోంది.