అరవై దాటాక కార్తీక సోమవారం ఎలా చేసుకోవాలి?

గీత ఆరో అధ్యాయంలో పదహారు, పదిహేడు శ్లోకాలు పక్కపక్కనే ఉంటాయి. ముందు వాటిని ఒకసారి చదువుకుందాం.

నాత్యశ్నతస్తు యోగోఽస్తి న చైకాంతమనశ్నతః
న చాతిస్వప్నశీలస్య జాగ్రతో నైవ చార్జున

యుక్తాహారవిహారస్య యుక్తచేష్టస్య కర్మసు
యుక్తస్వప్నావబోధస్య యోగో భవతి దుఃఖహా

అతిగా తినేవాడికి యోగం లేదు, బొత్తిగా తిననివాడికీ లేదు. అతిగా నిద్రపోయేవాడికి లేదు, నిద్ర మానుకుని కూర్చునేవాడికీ లేదు. తిండి, తిరుగుడు, చేసే పని, నిద్ర, మెలకువ, ఇవన్నీ ఎంతలో ఉండాలో అంతలో ఉన్నవాడికే యోగం దుఃఖాన్ని పోగొడుతుంది. ఇంత సూటిగా చెప్పాడు స్వామి.

ఈ శ్లోకాల మీద ప్రవచనాలు చాలానే వింటాం. ఎక్కువగా నాలుకను అదుపులో పెట్టుకోమనే చెబుతారు. వయసులో ఉన్నవాళ్ళకి అది అవసరమే. కానీ సత్సంగంలో నా చుట్టూ కూర్చునే అరవై, డెబ్భై ఏళ్ళ అమ్మలను చూస్తుంటే వీళ్ళు గట్టిగా వినాల్సింది ఆ రెండో మాట కదా, "న చైకాంతమనశ్నతః" కదా అనిపిస్తుంది. నేను చూసినంతలో మన తరం ఆడవాళ్ళకి అతిగా తినే అలవాటు కంటే తినకపోయే అలవాటే ఎక్కువ. అందరికీ వడ్డించి చివర్లో మిగిలింది తినడం, కూర అయిపోతే ఇంత పచ్చడి, మజ్జిగతో సరిపెట్టుకోవడం, పొద్దున్న చేసిన అన్నం పారేయలేక రాత్రికి అదే తినడం. దానికి తోడు సోమవారం శివుడికి, శనివారం వెంకటేశ్వరస్వామికి, ఏకాదశి, సంకటహర చవితి, మధ్యలో మనవడి పరీక్షలకి ఒక మొక్కు. కార్తీకం వచ్చిందంటే ఇక చెప్పక్కర్లేదు.

అసలు చేయొద్దని నేను అనడం లేదు. కార్తీకమాసం అంటే నాకు ప్రాణం. తెల్లవారుజామున తులసికోట దగ్గర దీపం పెట్టకపోతే ఆ రోజు నాకు రోజులాగే ఉండదు. అందుకే చెప్తున్నాను, ఈ నెలని పదికాలాల పాటు చేసుకోవాలంటే ఒంటిని కూడా పూజలో భాగంగానే చూసుకోవాలి.

మాకు తెలిసిన ఒక పెద్దావిడ, డెబ్భై దాటాయి, షుగర్ ఉంది. కార్తీక సోమవారం నాడు "ఒక్క రోజుకి ఏం కాదులే" అని పొద్దున్న మాత్ర వేసుకుని, పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా సాయంత్రం దాకా ఉన్నారు. గుడిలో చెమటలు పట్టి, చేతులు వణికి, కళ్ళు తిరిగి పడిపోబోతే పక్కవాళ్ళు పట్టుకున్నారు. షుగర్ పడిపోయింది. గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్ళు తిండి మానేస్తే ఇలా అవుతుంది. షుగర్ 70 కంటే కిందికి దిగితే ప్రమాదమే. అప్పుడు వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగాలి, పావుగంట ఆగి మళ్ళీ చూసుకోవాలి. "ఉపవాసం భంగమవుతుందే" అని ఆ సమయంలో ఆలోచించకూడదు.

అలాగని మాత్ర మానేసి ఉపవాసం ఉండటమూ పరిష్కారం కాదు, కొందరు అలా చేస్తారు. మందు వేసుకుంటే వ్రతం చెడుతుందేమోనని భయం. ఆ భయం ఉన్నవాళ్ళు భారతంలో ఉద్యోగపర్వం చూడండి. విదురుడు ధృతరాష్ట్రుడికి చెప్పిన నీతుల్లో వ్రతాన్ని చెడగొట్టనివి ఎనిమిది అని ఒక శ్లోకం ఉంది. నీళ్ళు, దుంపలు, పళ్ళు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుడి కోరిక, గురువు మాట, ఔషధం. చివరిది ఔషధం! నీళ్ళు మొట్టమొదటే ఉన్నాయి. అంటే మనం ఏ రెండింటిని మానుకుని గొప్ప ఉపవాసం అనుకుంటున్నామో, ఆ రెండూ వ్రతానికి అడ్డమే కావని పెద్దలు ఎప్పుడో తేల్చేశారు.

ఇంకా చిత్రం ఏమిటంటే కార్తీక పురాణమే సోమవార వ్రతానికి ఆరు మార్గాలు చెప్పింది. ఉపవాసం, ఏకభుక్తం, నక్తం, అయాచితం, స్నానం, తిలదానం. పగలంతా ఉండి సాయంత్రం నక్షత్రాలు చూశాక తులసితీర్థం తీసుకునేవాళ్ళు తీసుకోవచ్చు. అంత ఓపిక లేనివాళ్ళు మధ్యాహ్నం ఒకపూట భోజనం చేసి ఏకభుక్తం ఉండొచ్చు. లేదా పగలు ఉండి రాత్రి భోజనం చేయొచ్చు, అది నక్తం. మనం అడగకుండా ఎవరైనా పిలిచి పెడితే అది తినడం అయాచితం. ఏదీ కుదరకపోతే స్నానం, జపం చాలు. అదీ చేతకాకపోతే నువ్వులు దానం చేసినా చాలు. ఎవరి శక్తి ఎంతో చూసి మెట్టు మెట్టుగా పేర్చి ఇచ్చిన వ్రతం ఇది. మనమే పై మెట్టు మీద తప్ప నిలబడం అని పట్టుపడుతున్నాం. షుగర్, బీపీ ఉన్నవాళ్ళు కార్తీకం మొదలవడానికి వారం ముందే డాక్టర్ దగ్గరికి వెళ్ళి, "నేను సోమవారాలు ఇలా ఉంటాను, మాత్రలు ఎప్పుడు ఎలా వేసుకోవాలి" అని నోరు తెరిచి అడగండి. ఇన్సులిన్ తీసుకునేవాళ్ళకి నా మాట ఏమిటంటే స్నానం, దీపం, దానంతో తృప్తి పడండి.

పార్వతీదేవి కంటే గొప్ప తపస్సు చేసిన స్త్రీ ఎవరున్నారు? రాలిన ఆకులు తినడం కూడా మానేసి అపర్ణ అయింది ఆ తల్లి. కాళిదాసు కుమారసంభవం అయిదో సర్గలో శివుడు బ్రహ్మచారి వేషంలో ఆమె దగ్గరికి వచ్చి అడిగే కుశలప్రశ్నలు ఉంటాయి. సమిధలు, దర్భలు దొరుకుతున్నాయా? స్నానానికి నీళ్ళు బాగున్నాయా? నీ శక్తికి తగ్గట్టే తపస్సు చేస్తున్నావా? అని అడిగి, "శరీరమాద్యం ఖలు ధర్మసాధనమ్" అంటాడు. ధర్మం చేయడానికి మొట్టమొదటి సాధనం శరీరమే కదా అని. ఆ మాట ఎవరి నోట వచ్చిందో చూడండి. ఎవరి కోసం ఆవిడ ఒళ్ళు ఎండబెట్టుకుంటోందో ఆయన నోటే. నేను ఆ శ్లోకం గుర్తొచ్చినప్పుడల్లా, సోమవారం నాడు మనల్ని కూడా స్వామి అదే అడుగుతున్నాడనుకుంటాను.

ఇక స్నానం సంగతి. కార్తీకంలో నదీస్నానం పుణ్యమే, కాదనను. కానీ చీకట్లో రేవు మెట్లు పాకుడు పట్టి ఉంటాయి, తడిచీర కాళ్ళకి చుట్టుకుంటుంది, పైగా ముట్లు ఆగిపోయాక ఆడవాళ్ళ ఎముకలు మగవాళ్ళ కంటే తొందరగా గుల్లబారతాయి. ఒక్కసారి కాలుజారితే తుంటి ఎముక విరుగుతుంది, ఆ తర్వాత మంచం మీద నుంచి లేవడానికే నెలలు పడుతుంది, కొందరు మళ్ళీ మామూలుగా నడవనే లేరు. చన్నీళ్ళు ఒక్కసారిగా ఒంటి మీద పోసుకుంటే రక్తనాళాలు ముడుచుకుని బీపీ పెరుగుతుంది, గుండె జబ్బు ఉన్నవాళ్ళకి అది మంచిది కాదు. వెళ్ళాలనే ఉంటే తెల్లారాక, రెయిలింగ్ ఉన్న రేవుకి, ఒక మనిషిని తోడు తీసుకుని వెళ్ళండి.

వెళ్ళలేకపోయామని బాధపడే వాళ్ళకి పోలి కథ ఉండనే ఉంది. కార్తీకం ముగిశాక పోలిపాడ్యమి నాడు అరటిదొప్పల్లో దీపాలు వదులుతూ మనం చెప్పుకునే కథే. అత్తగారు మిగతా కోడళ్ళని వెంటబెట్టుకుని నదికి వెళ్ళింది, చిన్నకోడలు పోలిని ఇంట్లో వదిలేసింది, దీపం పెట్టుకోవడానికి ఇంత వత్తి కూడా దొరకకుండా చేసింది. పోలి ఇంట్లోనే బావి నీళ్ళు పోసుకుని, రాలిన పత్తితో వత్తి చేసి, కవ్వానికి అంటుకున్న వెన్నతో దీపం వెలిగించి, ఎవరికీ కనబడకుండా బుట్ట బోర్లించింది. విమానం వచ్చింది ఆవిడ కోసమే. రోజూ నదికి వెళ్ళినవాళ్ళ కోసం రాలేదు. మన అమ్మమ్మలు ఈ కథని తరం నుంచి తరానికి ఊరికే చెప్పలేదు. మన బాత్రూంలో గోరువెచ్చని నీళ్ళతో, కింద రబ్బరు మ్యాట్ వేసుకుని, గోడకి పట్టుకోవడానికి ఒక కమ్మీ పెట్టించుకుని "గంగే చ యమునే చైవ" అనుకుంటూ పోసుకున్నా అది కార్తీకస్నానమే. ఆ కమ్మీ పెట్టించమని పిల్లల్ని అడగడానికి మొహమాటం వద్దు. రాత్రి లేచినప్పుడు వెలిగేలా ఒక చిన్న బల్బు కూడా పెట్టించుకోండి.

తిండి దగ్గరికి వస్తే, ఉపవాసం పేరుతో మనం తినేది చాలాసార్లు ఉత్త పిండి పదార్థమే. సగ్గుబియ్యం, ఉప్పుడుపిండి, అటుకులు. కడుపు నిండుతుంది కానీ కండకి ఏమీ అందదు. వయసు పెరిగేకొద్దీ కండ కరుగుతుంది, కాళ్ళలో పట్టు తగ్గుతుంది, అందుకే కిలో బరువుకి రోజుకి ఒక గ్రాము చొప్పున అయినా ప్రొటీన్ కావాలంటారు. అంటే 55 కిలోల మనిషికి 55 గ్రాములు. పప్పు, పెరుగు, పాలు, సెనగలు ప్రతిపూటా ఏదో ఒకటి ఉంటే తప్ప అంత రాదు. (కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం డాక్టర్ చెప్పిన లెక్కే పాటించాలి.) నిజానికి మన నైవేద్యాల్లోనే అన్నీ ఉన్నాయి. వడపప్పు అంటే నానబెట్టిన పెసరపప్పే కదా! నాగులచవితి చిమ్మిలిలో నువ్వులు, నువ్వుల్లో ఎముకలకి కావాల్సిన కాల్షియం. షుగర్ ఉంటే బెల్లం చూసి వేసుకోండి. 100 గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, పొద్దున్నే ఇంత రాగిజావ మజ్జిగ కలిపి తాగితే ఎంత హాయి. ఉప్పు మాత్రం రోజు మొత్తం మీద ఒక చెంచాకి, అంటే 5 గ్రాములకి మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మన ఆవకాయ, అప్పడం, వడియాలు ఆ లెక్కలోవే. ఆవకాయ మానేయమని నేను చెప్పను, చెప్పినా ఎవరూ వినరు, కానీ అది కూరకి బదులుగా కాకుండా కూర పక్కన ఇంతే ఉండాలి.

నీళ్ళు తక్కువ తాగడం మనలో చాలామందికి ఉన్న పాడు అలవాటు. బయటికి వెళ్తే బాత్రూం ఉండదని, గుళ్ళో మధ్యలో లేవాల్సి వస్తుందని, రాత్రి లేవాలని. వయసు పెరిగితే దాహం కూడా సరిగ్గా తెలియదు. నోరు ఎండిపోయాక తాగుదాం అనుకుంటే అప్పటికే ఆలస్యం, దాంతో కళ్ళు తిరగడం, మూత్రంలో మంట, మలబద్ధకం. పూజ మొదలుపెట్టే ముందు ఒక గ్లాసు, హారతి అయ్యాక ఒక గ్లాసు అని పూజకే ముడిపెట్టుకోండి, మర్చిపోరు. సాయంత్రం తర్వాత కాస్త తగ్గించుకుంటే రాత్రి ఇబ్బంది ఉండదు. గుండె బలహీనంగా ఉండి నీళ్ళు కొలిచి తాగమని డాక్టర్ చెప్పినవాళ్ళకి ఇది వర్తించదు.

"విహారం" అంటే ఏ యాత్రలకో వెళ్ళమని కాదు. ప్రదక్షిణలు చేయండి చాలు. గుడి చుట్టూ నెమ్మదిగా, నామం చెప్పుకుంటూ, ఊపిరి ఆయాసం రాకుండా నడిస్తే రోజుకి ఇరవై, ముప్ఫై నిమిషాలు తెలియకుండా గడిచిపోతాయి. వారానికి 150 నిమిషాల నడక మంచిదంటారు, దానికి ఇంతకంటే తియ్యని దారి నాకు కనబడలేదు. కాలు కాలే ఎండలో, తడి బండల మీద మాత్రం వద్దు. నడకతో పాటు కాళ్ళకి బలం, నిలకడ వచ్చే పని కూడా వారంలో మూడు రోజులైనా చేయాలి. కుర్చీలో కూర్చుని చేతులు ఆనించకుండా లేవడం, మళ్ళీ మెల్లగా కూర్చోవడం. పది నామాలకి పది సార్లు. మొదట్లో పక్కన గోడో మనిషో ఉండాలి.

కింద కూర్చోలేక కుర్చీలో కూర్చుని పూజ చేసుకోవడానికి సిగ్గుపడే వాళ్ళని చూస్తే నాకు చాలా బాధేస్తుంది. మోకాళ్ళు అరిగిపోయిన మనిషి నేల మీద కూర్చుని, సగం సేపు నొప్పి గురించే ఆలోచిస్తూ ఉంటే మనసు అమ్మవారి మీద ఎలా నిలుస్తుంది? ఇదే ఆరో అధ్యాయంలో స్వామి ఆసనం గురించి చెబుతూ స్థిరంగా ఉండాలి, మరీ ఎత్తుగా, మరీ పల్లంగా ఉండకూడదు అంటాడు. మన మోకాళ్ళకి ఇప్పుడు నేల మరీ పల్లం అయిపోయింది, అంతే. పూజామందిరాన్ని ఒక బల్ల మీదికి ఎత్తించండి, కుర్చీ వేసుకుని నిదానంగా సహస్రనామం చదువుకోండి.

నిద్ర గురించి ఒక్కమాటే. నాలుగింటికి లేవాలంటే తొమ్మిదింటికి పడుకోవాలి, సీరియల్ పదిన్నర దాకా చూసి నాలుగింటికి అలారం పెట్టుకుంటే "జాగ్రతో నైవ చార్జున" అన్నది మన గురించే అవుతుంది.

నెలాఖరులోపు వనభోజనాలు తప్పకుండా పెట్టుకోండి. ఉసిరిచెట్టు కింద పదిమందితో కలిసి తినడం పుణ్యమని పెట్టారు కానీ, ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళకి అది మందు కూడా. పిల్లలు అమెరికాలోనో బెంగళూరులోనో ఉండి, భర్త పోయి, ఒక్కరే కుక్కర్ పెట్టుకోబుద్ధి కాక రెండు బిస్కెట్లు తిని పడుకునే వాళ్ళు మన అపార్ట్‌మెంట్లలో ఎంతమంది ఉన్నారో. మీ వీధిలో అలాంటి పెద్దావిడ ఉంటే రెండు రోజుల ముందే ఫోన్ చేసి చెప్పండి, ఆటో మాట్లాడి తీసుకెళ్ళండి, చెట్టు కింద ఆవిడకి ఒక కుర్చీ వేయించండి. మాత్ర ఎన్నింటికో అడిగి ఆ టైముకి ముందు ఆవిడకే విస్తరి వేయండి, అందరూ కూర్చునేదాకా ఆగమని అనకండి.