చుక్క కుడివైపు ఉంటే ష

119వ కీర్తన చదివే అలవాటున్న వాళ్లకు షీన్ కొత్త పేరేమీ కాదు. మన తెలుగు బైబిల్లో ఎనిమిదేసి వచనాల ముందు ఆలెఫ్, బేత్ అంటూ కనిపించే 22 హెబ్రీ అక్షరాల్లో అది 21వది. చిన్నప్పటి నుంచి ఆ పేర్లు దాటుకుని కిందికి పోవడమే గానీ అవి ఎలా ఉంటాయో చూసింది లేదు. గుంటూరు నుంచి మా వాళ్లతో కలిసి హోలీల్యాండ్ టూర్‌కి బయల్దేరినప్పుడు, వాటిలో ఒక్కటైనా రాయడం నేర్చుకుని రావాలనుకున్నాను.

ఏది నేర్చుకోవాలో యెరూషలేమే తేల్చేసింది. మా హోటల్ గది గుమ్మానికి, లోపలికి వెళ్తుంటే కుడిచేతి వైపు, భుజమంత ఎత్తులో ఒక చిన్న గొట్టం ఏటవాలుగా బిగించి ఉంది. మెజూజా అంటారు. దాని మీద మూడు కొమ్మల అక్షరం. అదే షీన్, దేవుని పేర్లలో ఒకటైన షద్దాయికి మొదటి అక్షరం. ద్వితీయోపదేశకాండం ఆరో అధ్యాయంలో ద్వారబంధాల మీద రాయమన్న మాటల్ని మనం చదివి ఊరుకుంటాం, వీళ్లు నిజంగానే తోలు మీద రాసి, ఈ గొట్టంలో పెట్టి గుమ్మానికి కొట్టుకున్నారు. బజారుకెళ్తే ధరల పక్కన ఉండే షెకెల్ గుర్తులోనూ షీనే, హెత్ అనే ఇంకో అక్షరంతో పెనవేసుకుని ఉంది. ఊరి పేరు హెబ్రీలో ఏడక్షరాలు, సరిగ్గా నడిమధ్యన మళ్లీ ఇదే.

రాయడం చూపించింది పాత నగరంలోని యూదుల పేటలో, ఒక దుకాణంలో కూర్చున్న లేఖకుడు. సువార్తల్లో శాస్త్రులు అని చదువుతామే, ఆ వృత్తిలో ఇప్పటికీ బతుకుతున్న మనిషి. ఈక కలం, చిక్కటి నల్ల సిరా, తోలు మీద సిరా లేకుండా గీరిన గీతలు. మనం గీత మీద అక్షరాన్ని కూర్చోబెడతాం. వాళ్ల అక్షరాలు పైగీత నుంచి వేలాడతాయి. షీన్‌కి మూడు తలలు, మూడూ కిందికి దిగి అడుగున ఒక్కచోట కలవాలి, పైన మాత్రం ఒకదానికొకటి తగలకూడదు. ఎడమ తల మీద వెంట్రుకల్లాంటి మూడు సన్నటి గీతలు, అవి కిరీటాలట. మెజూజాలో మొత్తం 713 అక్షరాలు. ఏ ఒక్కటి చెడినా అది పనికిరాదు. పోనీ వెనక్కి వెళ్లి దిద్దుదామన్నా, మెజూజాలో అక్షరాలన్నీ వరుస తప్పకుండా రాసుకుంటూ పోవాల్సిందే. నాకు చిత్తుకాగితం ఇచ్చి ఈక చేతికిచ్చారు. కుడి నుంచి ఎడమకి చెయ్యి నడవడం ఒక తలనొప్పి, సిరా ఆరకముందే మధ్య తల పక్కతలకి అంటుకోకుండా చూసుకోవడం ఇంకో తలనొప్పి. ఇంతా అయ్యాక, చీటీల మీద, ఉత్తరాల్లో రాసుకునే షీన్ వేరే అని ఆయన బాల్‌పెన్నుతో రాసి చూపించారు. ఒక్క గీతలో సున్నా చుట్టి తోక వదిలినట్టుంది. మూడు కొమ్మల జాడే లేదు!

ఇశ్రాయేలు మ్యూజియంలో మృతసముద్రపు చుట్టల కోసం, అంటే చుట్టగా చుట్టి దాచిన పాత రాతప్రతుల కోసం, కట్టిన తెల్లటి గోపురానికి తీసుకెళ్లారు. 1947లో కుమ్రాను గుహల్లో చుట్టలు దొరికిన జాడీల మూతలాగే ఉంటుంది దాని కప్పు. అక్కడి యెషయా గ్రంథపు చుట్ట పొడవు ఏడు మీటర్ల పైమాటే, వయసు రెండు వేల ఏళ్లు దాటింది. ఆ వరుసల్లో నా షీన్‌ని వెతికి పట్టుకోవడం కష్టం కాలేదు. అయితే దాని మీద చుక్క లేదు.

ఈ చుక్కే అసలు చిక్కు. షీన్ నెత్తిన కుడివైపు పెడితే ష, ఎడమవైపు పెడితే స. మనకు ష, స వేరువేరు అక్షరాలు, ఇక్కడ ఒకే అక్షరం ఒక్క చుక్కతో రెండు శబ్దాలూ పలుకుతుంది. దినపత్రికల్లో అయితే ఆ చుక్క కూడా పెట్టరు, సందర్భాన్ని బట్టి చదువుకోవాల్సిందే. చుక్కల పద్ధతిని స్థిరపరిచిన పండితులు గలిలయ సముద్రం ఒడ్డున తిబెరియలో ఉండేవారు, క్రీ.శ. 10వ శతాబ్దం నాటికి ఆ పని ఒక కొలిక్కి వచ్చింది. మా టూర్ వాళ్లు ఆ ఊళ్లో పడవ ఎక్కించి, చేప తినిపించి వదిలేశారు. నేను హోటల్లో హెబ్రీ బైబిల్ అడిగి 119వ కీర్తన తెరిచాను. 161 నుంచి 168 దాకా ప్రతి వచనమూ షీన్‌తోనే మొదలైంది. అందులో మూడింటికి చుక్క ఎడమవైపు, ఐదింటికి కుడివైపు. తెలుగులో చదివినన్నాళ్లూ ఈ సొగసు ఉందనే తెలియదు.

మర్నాడు యొర్దాను దగ్గర అయ్యగారు న్యాయాధిపతులు 12వ అధ్యాయం తీశారు. యుద్ధంలో ఓడి నది దాటి పారిపోబోతున్న ఎఫ్రాయిము వాళ్లను గిలాదు వాళ్లు రేవుల్లో పట్టుకుని షిబ్బోలెతు అనమంటే వాళ్లకు సిబ్బోలెతు అనే వచ్చేదట, ఆ ఒక్క శబ్దానికి 42,000 మంది చచ్చారు. వినగానే అందరికీ సరదా పుట్టి ఒకరినొకరు అనిపించుకోవడం మొదలుపెట్టారు. శాంతిని సాంతి అనే మా పిన్ని వంతు వచ్చింది. ‘సిబ్బోలెతు’ అంది ధీమాగా.

‘అయితే నువ్వు నది దాటలేవు పిన్నీ’ అన్నాను.

‘దాటి ఏం చేయాలి, బస్సు ఇటువైపే గదా ఉంది’ అంది.