నా బొటనవేలు, నాన్న స్క్రూడ్రైవర్

2022 నవంబరులో ఒక రాత్రి, గచ్చిబౌలి దగ్గర జామ్ రూమ్‌లో బ్యాండ్‌తో ప్రాక్టీస్ చేస్తూ మూడో పాట మధ్యలో ఉండగా ఎడమచేతి బొటనవేలి మొదట్లో సూది గుచ్చినట్టు నొప్పి లేచింది. పాట ఆపలేదు. పది రోజుల్లో మాకు షో ఉంది. ఇంటికొచ్చాక వాటర్ బాటిల్ మూత తిప్పబోతే చేయి సహకరించలేదు. అప్పుడు భయమేసింది. నాకు అప్పటికి ఇరవై రెండేళ్లు. బేస్ గిటార్, అంటే పాట అడుగున మంద్రంగా పలికే లావు తీగల గిటార్, పట్టి మూడేళ్లు.

బీటెక్ రెండో ఏడాదిలో సెకండ్ హ్యాండ్ బేస్ కొన్నాను. దాని శబ్దాన్ని పెద్దది చేసే ఆంప్‌కి డబ్బుల్లేవు. హాస్టల్ గదిలో ఆంప్ లేకుండానే రోజూ మూడు నాలుగు గంటలు వాయించేవాణ్ని. ఎలక్ట్రిక్ బేస్‌ని దేనికీ కలపకుండా వాయిస్తే, పక్క మంచం మీద వాడికే సరిగ్గా వినపడదు. నాకు వినపడాలని కుడిచేత్తో తీగల్ని గట్టిగా లాగి మీటేవాణ్ని. కుడిచేయి ఎంత గట్టిగా మీటితే ఎడమచేయి నెక్‌ని, అంటే తీగలు నొక్కే పొడవాటి కర్రని, అంత గట్టిగా పిసికేది. ఇది నాకు తెలియకుండానే అలవాటైపోయింది. పైగా క్లిఫ్ బర్టన్ అంటే ప్రాణం. అమెరికన్ మెటల్ బ్యాండ్ మెటాలికా మొదటి మూడు ఆల్బమ్‌లకి బేస్ వాయించి, 1986లో స్వీడన్‌లో బస్సు ప్రమాదంలో ఇరవై నాలుగేళ్లకే పోయాడు. ఆయన పిక్ (తీగలు మీటే బిళ్ల) వాడకుండా వేళ్లతోనే అంత వేగంగా మీటేవాడని తెలిసినప్పటి నుంచి, రాక్ అంటే బలమే అని నా బుర్రలో పడిపోయింది. పోస్టర్లలో చూసినట్టు స్ట్రాప్‌ని బాగా వదులు చేసి, బేస్‌ని తొడల దాకా దించి వేసుకునేవాణ్ని. అలా దించితే ఎడమచేతి మణికట్టు పూర్తిగా వంగిపోతుంది. వంగిన మణికట్టుతో నాలుగు కిలోల వాయిద్యాన్ని మూడేళ్లు పిసికాను.

డాక్టర్‌గారు స్కానింగ్ కూడా రాయలేదు. "బొటనవేలు లోపల పెట్టి పిడికిలి బిగించు బాబూ. ఇప్పుడు మణికట్టుని చిటికెన వేలి వైపు వంచు" అన్నారు. వంచగానే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. దీని పేరు డీక్వెర్వేన్స్ అని చెప్పారు. బొటనవేలిని కదిపే స్నాయువులు మణికట్టు దగ్గర ఒక ఇరుకు గొట్టంలోంచి వెళ్తాయి, ఆ గొట్టం ఒరుసుకుని వాచిందన్నమాట. బొటనవేలు కదలకుండా పట్టీ వేశారు. ఆరు వారాలు వాయించకూడదన్నారు.

షో పోయింది. నా చోట ఇంకో అబ్బాయిని పెట్టుకున్నారు. బ్యాండ్ వాళ్లని తప్పుపట్టను, అడ్వాన్స్ తీసుకున్నాక షో ఆపలేరు కదా. కానీ ఆ రాత్రి ఫోన్‌లో వీడియోలు చూస్తుంటే, నా లైన్లు ఇంకొకరి వేళ్ల మీద నడుస్తుంటే, ఆ బాధ ఎలా చెప్పాలో తెలియదు. మర్నాడే బేస్ భుజాన వేసుకుని రాజమండ్రి బస్సెక్కాను. వాయించకూడదని తెలిసీ దాన్ని గదిలో వదిలి వెళ్లలేకపోయాను.

మా నాన్న ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. అప్పటిదాకా నా వాయింపు ఆయనకి ఫోన్ రికార్డింగుల్లోనే తెలుసు. పంపిన ప్రతిసారీ "పాట బాగుందిరా, నువ్వెక్కడున్నావు ఇందులో?" అనేవారు. బేస్‌లో అన్నిటికన్నా మంద్రంగా పలికే లావు తీగ, ఇ తీగ, సెకనుకి 41 సార్లు కంపిస్తుంది. ఫోన్ స్పీకర్ అంత కిందికి దిగలేదు. నాకు ఈ సంగతి తెలిసినా, ప్రతిసారీ మనసు చివుక్కుమనేది.

ఒకరోజు సాయంత్రం వరండాలో బేస్ తుడుస్తున్నాను. నాన్న వచ్చి కూర్చుని, "ఒకసారి ఆ లావు తీగ మీటు, మెల్లగా" అన్నారు. మీటాను. వినపడలేదు. లోపలికెళ్లి పొడవాటి స్క్రూడ్రైవర్ తెచ్చారు. దాని మొన బేస్ చెక్కకి ఆనించి, పిడి చెవి దగ్గర ఎముకకి నొక్కి పెట్టుకున్నారు. ఇంజిన్లో బేరింగ్ అరిగిందో లేదో డిపోలో వాళ్లు అలాగే వినేవారట. "ఇప్పుడు మీటు." మీటాను. నాన్న కళ్లు పెద్దవయ్యాయి. మళ్లీ మళ్లీ మీటించుకున్నారు. తర్వాత పిడి నా చెవికి పెట్టి, తీగని తనే చూపుడు వేలితో అంటీ అంటనట్టు కదిపారు. తల నిండా మోగింది. సాలెగూడు తీసినంత నెమ్మదిగా కదిపిన తీగ అది. మూడేళ్లు హాస్టల్లో నేను వేళ్లు పచ్చిపుండ్లు చేసుకుని లాగిందీ ఆ తీగనే.

ఆ ఆరు వారాలూ విన్నాను. నాన్న దాచుకున్న ఇళయరాజా పాటలన్నీ మంచి హెడ్‌ఫోన్స్‌లో, బేస్ ఒక్కటే పట్టుకుని. ఇళయరాజా పాటల్లో శశిధరన్ వాయించిన బేస్ లైన్లు, రెహమాన్ పాటల్లో కీత్ పీటర్స్ వాయించినవి నోటితో పాడుకునేవాణ్ని. అమెరికాలోని మోటౌన్ రికార్డు కంపెనీ పాటలకి బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ కుడిచేతి చూపుడు వేలు ఒక్కదానితోనే మీటేవాడని అప్పుడే చదివాను. మోటౌన్ ఆల్బమ్ కవర్ మీద ఆయన పేరు పడటానికి 1971 దాకా పట్టిందని కూడా.

పట్టీ విప్పాక ఫిజియోథెరపిస్టు రోజుకి ఐదు నిమిషాలతో మొదలుపెట్టమన్నారు. అలారం పెట్టుకుని ఐదే నిమిషాలు. మొదట చేసింది ఇది: తీగ మీద వేలు ఊరికే ఆనించి మీటాలి, గరగరమంటుంది. కొంచెం కొంచెంగా నొక్కుతూ పోతే ఒకచోట స్వరం శుభ్రంగా పలుకుతుంది. అక్కడ ఆగాలి. నెక్ మీద అడ్డంగా ఉండే ఫ్రెట్ కమ్మీకి ఆనుకుని వెనకాలే నొక్కితే ఆ ఒత్తిడి ఇంకా తగ్గుతుంది. నేను అంతకాలం నొక్కినదాంట్లో పావు వంతు కూడా అక్కర్లేదు. తర్వాత బొటనవేలు నెక్ వెనక నుంచి పూర్తిగా తీసేసి వాయించడం. చేతి బరువే వేళ్లని నొక్కుతుంది. మొదటి రోజు రెండు స్వరాలు కూడా పలకలేదు, ఏడుపొచ్చింది. పదో రోజుకి ఒక స్కేల్ మొత్తం వచ్చింది.

వేళ్ల పద్ధతి కూడా మార్చాను. గిటార్ వాళ్లని చూసి నేను ఒక్కో ఫ్రెట్‌కి ఒక్కో వేలు వాడేవాణ్ని. మామూలు బేస్ తీగ పొడవు 34 అంగుళాలు, ఒకటో ఫ్రెట్ నుంచి నాలుగో ఫ్రెట్ దాకా ఐదు అంగుళాల పైన దూరం. నా చేతికి అది ఎక్కువ సాగదీతే. నిలబెట్టి వాయించే డబుల్ బేస్‌కి ఫ్రెట్లు ఉండవు, దాన్ని వాయించేవాళ్లు నెక్ మొదట్లో చూపుడు, మధ్య, చిటికెన వేళ్లతో మూడు ఫ్రెట్లంత మేరే చూసుకుంటారు, ఉంగరం వేలు చిటికెన వేలికి తోడుంటుంది. నా బేస్ మీద అలా చేస్తే దూరం మూడున్నర అంగుళాలే. స్ట్రాప్ పైకి బిగించాను, కూర్చుంటే బేస్ ఎక్కడుంటుందో నిలబడితే కూడా అక్కడే ఉండేలా. తీగలు కూడా సన్నవి వేయించాను. ఇవన్నీ చేస్తే ఎవరికైనా తగ్గుతుందని అనను, నాకు మాత్రం తగ్గింది. నొప్పి మొదలైతే నాలా ఓర్చుకుని వాయించకుండా ముందు డాక్టర్‌కి చూపించుకోండి.

ఫిబ్రవరి చివర్లో బ్యాండ్‌లోకి తిరిగి వెళ్లాను. సౌండ్ చెక్‌లో చేయి వణికింది, నొప్పికి కాదు, టెన్షన్‌కి. డ్రమ్మర్ కాలితో కొట్టే కిక్ డ్రమ్ మీద కళ్లు పెట్టి మెల్లగా మీటాను, మిగతాది ఆంప్‌కి వదిలేశాను. సౌండ్ ఇంజినీర్ టాక్‌బ్యాక్‌లో "అన్నా, బేస్‌కి ఏమైనా పెడల్ కొత్తగా పెట్టావా? కంప్రెసర్ దాదాపు తీసేశాను, అంతా ఒకే లెవెల్లో వస్తోంది" అన్నాడు. శబ్దంలో హెచ్చుతగ్గుల్ని సమం చేసేదే కంప్రెసర్. నేను లేదని తలూపాను.

ఇప్పుడు నెలకి ఐదారు షోలు, మధ్యమధ్యలో ఇండిపెండెంట్ పాటలకి రికార్డింగులు. ఆ డబ్బుతో గది అద్దె గడిచిపోతోంది. హెడ్‌ఫోన్ ఆంప్ చిన్నది ఒకటి కొన్నాను, ఇక గదిలో గట్టిగా మీటే పని లేదు. నాన్న స్క్రూడ్రైవర్ మాత్రం నా బ్యాగులోనే ఉంది. గ్రీన్ రూమ్‌లో అందరూ ఒకేసారి ట్యూన్ చేసుకుంటూ గోలగా ఉన్నప్పుడు, మొన చెక్కకి ఆనించి, పిడిని చెవికి భుజానికి మధ్య ఇరికించుకుని శ్రుతి చూసుకుంటాను.