మూడు వాయిదాలు

"ఈసారి చీటీలో నీ పేరు రాయలేదులేమ్మా" అంది కింద ఫ్లాట్ ఆంటీ, కరివేపాకు దూస్తూ, నా మొహం చూడకుండా. విషయం అక్కడిదాకా వెళ్లిందన్నమాట.

మూడు వాయిదాలు ఎగ్గొట్టానట నేను. ఎనిమిదేళ్లు ఒకే కంచంలో తిన్న స్నేహితురాలే చెబుతుంటే ఎవరు నమ్మరు? నేనైనా నమ్మేదాన్నేమో!

ఆ 15,000 తనకే ఫోన్‌పే చేశాను, వాట్సాప్‌లో స్క్రీన్‌షాట్ కూడా పెట్టాను, ఆంటీకి చూపిద్దామని ఫోన్ తీసి, ఇలా ఎన్ని గుమ్మాలెక్కి చూపిస్తానులే అనిపించి మళ్లీ లోపల పెట్టేశా.

ఇంటికొచ్చి ఒకసారి తెరిచి చూశాను. దాని కింద తన మెసేజ్ అలాగే ఉంది. "వచ్చాయే. రేపు పులిహోర తెస్తున్నా, వంట చేయకు."

తెచ్చింది కూడా. బావుంది, అబద్ధం ఎందుకు చెప్పాలి.