నైట్ డ్యూటీ, సోమవారం నాటకం క్లాసు

ఒడిశాలో మా ఊరు బరంపురంలో ఎవరైనా అడిగితే లండన్‌లో ముసలివాళ్లని చూసుకునే కేర్ హోంలో చేస్తున్నానని చెప్పి అక్కడితో ఆపేస్తాను. సోమవారం సాయంత్రాలు నాటకం రాయడం నేర్చుకోవడానికి వెళ్తానని చెబితే మా పెద్దత్త ఏమంటుందో నాకు తెలుసు: "అంత డబ్బు పోసి ఎల్లింది నాటకాలాడ్డానికేటే?" అడగాల్సిన మాటే. 2022 ఫిబ్రవరిలో కేర్ వర్కర్లకి వీసాలివ్వడం మొదలుపెట్టిన బ్రిటన్, 2024 మార్చి నుంచి కొత్తగా వచ్చేవాళ్లు భర్తనీ పిల్లల్నీ వెంట తెచ్చుకోకూడదంది, 2025 జులైకల్లా ఆ పనికి బయట దేశాల నుంచి మనుషుల్ని తీసుకోవడమే మానేసింది. ఈ రెంటి మధ్యలో వెళ్లి పడ్డవాళ్లం మేం. ఉద్యోగం పోతే వీసా కూడా పోతుందన్న టెన్షన్ జ్వరంలా లోపల ఉంటూనే ఉంటుంది.

క్లాసుకి నా అంతట నేను వెళ్లలేదు. నాతో నైట్ చేసే ఘానా ఆవిడ లాక్కెళ్లింది. తూర్పు లండన్‌లో ఒక లైబ్రరీ పైగది, ఫీజు లేదు, బస్సు చార్జీ వాళ్లే ఇస్తారు, టీ బిస్కెట్లు ఉంటాయి (నిజం చెప్పాలంటే మొదటి వారం ఆ బిస్కెట్ల కోసమే కూర్చున్నాను, డ్యూటీకి ముందు వండుకునే ఓపిక లేక). బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ వాళ్ల కుర్రాడొకడు, సోమాలియా ఆవిడ, పోలండ్ నుంచి వచ్చిన ఎలక్ట్రీషియన్, జాఫ్నా నుంచి ఎప్పుడో వచ్చేసిన ఒక పెద్దాయన, మేమిద్దరం. ఒకరి ఇంగ్లీషు ఒకరికి సగమే అర్థమవుతుంది.

పాఠం అంటూ పెద్దగా ఉండదు. ఒక గదిలో ఇద్దరున్నారు, ఇద్దరికీ అవతలివాళ్ల దగ్గర్నుంచి ఏదో కావాలి, ఇద్దరూ ఆ సంగతి నోటితో అనకూడదు, రెండు పేజీలు రాయండి, అంతే. అసలు కథ ఆ తర్వాత. నువ్వు రాసిన కాగితం నీ చేతిలోంచి తీసుకుని వేరే ఇద్దరికిచ్చి చదివిస్తారు, నువ్వు నోరు మూసుకుని వినాలి, "అది కాదండీ, నా ఉద్దేశం ఏంటంటే" అనడానికి వీల్లేదు. మా అత్తగారి పాత్రకి నేను రాసిన మాటలు ఆ జాఫ్నా పెద్దాయన చదివాడు. ఎక్కడ నవ్వొస్తుందనుకున్నానో అక్కడ ఎవరూ నవ్వలేదు, కూర గిన్నె మూత తీసి మళ్లీ పెట్టేసే చోట మాత్రం గదంతా పగలబడి నవ్వింది. ఇద్దరు కొత్తవాళ్ల నోట్లో పెట్టి చదివిస్తే తప్ప రాసింది మాట్లాడుతోందో లేదో తెలీదు. అదొక్కటి తెలియడానికి ఏ పుస్తకమూ అక్కర్లేదు, నలుగురు మనుషులూ ఒక గదీ కావాలి.

ఆ తర్వాత నేను రాసింది మా హ్యాండోవర్ గురించి. పొద్దున ఎనిమిదింటికి రాత్రివాళ్లం పగటివాళ్లకి అప్పజెప్పాలి కదా, పది నిమిషాల్లో ఫ్లోర్ మొత్తం అయిపోవాలి. ఒక గదిలో పెద్దాయన ఎప్పుడో చనిపోయిన భార్య కోసం రాత్రంతా బీరువా తలుపులు తీసి వెతుకుతాడు, నేను పక్కన నిలబడి "వచ్చేస్తారండీ, మీరు పడుకోండి" అంటాను, అబద్ధం ఆడుతున్నానని నాకు తెలుసు, ఆయనకీ ఒక్కోసారి తెలుసనిపిస్తుంది. పొద్దున అదే సంగతి "సరిగ్గా నిద్రపోలేదు, రెండుసార్లు టీ ఇచ్చాం" అయిపోతుంది. కేరళ అమ్మాయి అది రాసుకుంటుంది, ఫిలిప్పీన్స్ అతను తల ఊపుతాడు, నేను బస్సుకి పరిగెడతాను. చెప్పకుండా వదిలేసిన ఆ మాటల్నే సీనుగా రాశాను. ఒకరోజు నిజం నటులొచ్చి, సెట్టూ వేషమూ లేకుండా, చేత్తో కాగితాలు పట్టుకుని చదివారు.

ఇలాంటి క్లాసులు ఎవరో దయతలచి పెట్టినవని మొదట్లో అనుకునేదాన్ని. కొంచెం వెనక్కి చూస్తే సంగతి వేరు. 1976లో లండన్‌లోని సౌథాల్‌లో గుర్‌దీప్ సింగ్ చగ్గర్ అనే 18 ఏళ్ల కుర్రాణ్ని జాత్యహంకారంతో పొడిచి చంపేస్తే, ఆ కోపంలోంచి మరుసటేడాది జతీందర్ వర్మ, స్నేహితులు కలిసి తారా ఆర్ట్స్ అనే నాటక కంపెనీ పెట్టారు, టాగోర్ నాటకంతో మొదలెట్టారు. 1989లో సుధా భూచర్, క్రిస్టీన్ లాండన్-స్మిత్ తమాషా కంపెనీ పెట్టారు. దక్షిణాసియా ఆడవాళ్లు రాసే నాటకాల కోసమని కాళి థియేటర్ వచ్చింది. రాసేవాళ్లు లేరు, అందుకే వేయట్లేదు అని పెద్ద థియేటర్లు అంటే, రాసేవాళ్లని తయారుచేసి చూపిద్దామని వీళ్లు కూర్చున్నారు. మాలాంటివాళ్లకి ఇవాళ దొరికే బస్సు చార్జీ వెనక అంత కథ ఉంది.

అలాగని అంతా బాగుందని చెప్పను. సిల్హెట్ కుర్రాడు చికెన్ షాపులో దెయ్యం గురించి కామెడీ రాస్తే, ఇంకోచోట ఎవరో పెద్దమనిషి చదివి "చాలా బాగుంది, మరి ఇందులో మీ సమాజం ఎక్కడుంది" అన్నాడట. అంటే మనవాళ్లం రాస్తే పెళ్లి బలవంతాలో, వీసా ఏడుపులో ఉండాలి. దెయ్యాలూ కామెడీలూ వాళ్ల వాటా అన్నమాట! ఇంకొకటి, క్లాసు తర్వాత క్లాసు, ఆ తర్వాత ఇంకో స్కీము, ఎప్పుడూ నేర్చుకుంటూనే ఉంటాం గానీ టికెట్టు పెట్టి ఆడించే మాట రాదు. ఏళ్ల తరబడి 'కొత్త రచయిత'గానే మిగిలిపోయినవాళ్లని చూశాను. నన్నడిగితే, స్టేజీ ఎప్పుడిస్తారో చెప్పకుండా క్లాసు మొదలెట్టనే కూడదు.

మొన్న సెలవుకి వచ్చినప్పుడు మా నేతగాళ్ల వీధిలో పిల్లల్ని పోగేసి అదే పద్ధతిలో కూర్చోబెట్టాను. ఎండాకాలం, పరీక్షలైపోయాయి, మేడ మీద సాయంత్రం గాలి. లండన్‌లో పది దేశాలవాళ్లని ఒకచోట చేర్చడానికి గ్రాంటు కావాలి, ఇక్కడ ఒక్కో పిల్ల నోట్లోనే మూడు భాషలు ఉన్నాయి: ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా, టీవీ హిందీ. పట్టు నేయడానికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన డేరా అనే తెలుగు నేతగాళ్ల ఊరిది. రెండేళ్లకోసారి ఠాకురాణి అమ్మవారి జాతరొస్తే పులి వేషం కట్టి నడిచేవాడిది ఏ భాష అని ఎవరూ అడగరు. మా గంజాం జిల్లా పల్లెల్లో మెట్లు మెట్లుగా మంచె కట్టి ఆడే ప్రహ్లాద నాటకం ఒడియాదే, కానీ అది పుట్టిందని చెప్పే జలంతర ఇవాళ శ్రీకాకుళం జిల్లాలో ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశాని వేరు చేస్తూ గీసిన గీతకి ఈ సంగతులేవీ తెలీవు.

ఇంత ఉండీ, రాయమనేసరికి పిల్లలు "మాతృమూర్తీ, నేను పాఠశాలకు వెళ్లివచ్చెదను" అని మొదలెట్టారు. ఏ ఇంట్లో అంటార్రా ఇలాగ! ఇక్కడికి కాస్త దూరంలో పర్లాకిమిడిలోనే కదా గిడుగు రామమూర్తి గారు బడిపంతులుగా ఉండి వాడుక భాష కోసం అంత కొట్లాడింది. ఆ ఊరు ఒడిశాలో కలుస్తుంటే ఇష్టం లేక రాజమండ్రి వెళ్లిపోయారాయన. మా పిల్లల్లో సగం మందికి తెలుగు అక్షరాలే రావు. రాకపోతే ఏం, తెలిసిన అక్షరాల్లోనే రాయండన్నాను. ఒక తొమ్మిదో తరగతి పిల్ల ఒడియా లిపిలో తెలుగు మాటలు రాసుకొచ్చింది. నేను చదవలేక, మా ఆటో బాబాయిని పిలిచి చదివించాను.

సీను రేషన్ డీలర్ దగ్గర. ముసలామె అప్పడాలు ఒత్తీ ఒత్తీ వేలిముద్రలు అరిగిపోయాయి, మిషన్ తీసుకోదు. డీలరు "కాలి ఆసొ, మాఉసీ" అంటాడు, రేపు రమ్మని. ఆమె ఒడియాలో "హఁ బాబు, హఁ" అని చేతులు జోడిస్తుంది, వెనక్కి తిరిగి మనవరాలితో తెలుగులో "నీ మొకం మండ, మూడ్రోజుల్నుంచీ రేపే అంటన్నాడు, ఈడికి రేపంటే ఏటో తెల్దేటే" అంటుంది. ఒకే మనిషి, అరక్షణంలో ఇంత వినయమూ అంత కోపమూ. రెండు భాషలూ వచ్చినవాడికి రెండుసార్లు నవ్వొస్తుంది, ఒక్కటే వచ్చినవాడికీ ఆమె ముఖం చూస్తే సరిపోతుంది. డీలరు మాటలు చదివేటప్పుడు మా బాబాయి ఎంత లీనమయ్యాడంటే ముసలామె వేషం చదువుతున్న పిల్ల నిజంగానే భయపడింది.

కానీ దీన్ని ఎక్కడ ఆడతాం? తెలుగు నాటికల పోటీకి పంపితే ఇంత ఒడియా ఏంటంటారు, ఒడియావాళ్లకి పంపితే ఇంత తెలుగు ఏంటంటారు. అందుకని పోటీల జోలికి పోకుండా వచ్చే జాతరకి మా వీధి చివర పందిట్లోనే వేద్దామనుకున్నాం. నాకు అప్పుడు సెలవు దొరుకుతుందో లేదో, డ్యూటీల రోటా చేతికొస్తే గానీ తెలీదు. ఈలోగా ఆదివారాలు వీడియో కాల్‌లో కూర్చుంటున్నాం, నాకు నైట్ దిగి వచ్చిన టైం, వాళ్లకి భోజనాల వేళ.

ప్రస్తుతం గొడవ ముగింపు మీద. ఆఖర్న ముసలామెకి బియ్యం దొరకాలని ఆ పిల్ల పట్టు. దొరక్కూడదని నేనూ, అసలు ఆ డీలర్ని జాతరలో పులి తరమాలని మా బాబాయీ. పులి మాట వినగానే మిగతా పిల్లలంతా ఆయన పార్టీలోకి వెళ్లిపోయారు. రాసిన పిల్ల మాత్రం కాగితాలు ఎవరికీ ఇవ్వనని కూర్చుంది.